నకలులో నిలిచిన విద్య



జగిత్యాల కోటను చూచినవారికి తెలియును. 1747వ సంవత్సరమున ఫ్రెంచి ఇంజనీర్ల పర్యవేక్షణలో నక్షత్రాకారమున నిర్మింపబడినదని చెప్పుకొను ఆ కోటకు చుట్టును అగడ్త, లోపల బురుజులు, బురుజులపై ఎండకు ఎండి వానకు తడిసి నల్లబారిన ఫిరంగులు గలవు. చిన్ననాడు బడి విడిచిన వెంటనే నేనును నా ప్రాణమిత్రుడొకడును ఆ ఫిరంగులలో ఒకదానిపై గుర్రము నెక్కినట్లు కూర్చుండి, దాని నోటిలోనికి చేయి జొనిపి, లోపల పిచ్చుకలు దాచుకొన్న గడ్డిపోచలను పైకి లాగుచు సాయంకాలములు గడుపుచుంటిమి. ఆ ఇనుపగొట్టము ఎంత దూరము కాల్చునని వాదులాడుకొంటిమి. ఎందరు శత్రువులను కూల్చినదోయని కథలు కల్పించుకొంటిమి. కాని దానిని ఎవరు పోతపోసిరి, ఏ మట్టితో అచ్చు కట్టిరి, ఏ అడవి బొగ్గుతో లోహమును కరగించిరి అని ఒక్కనాడైనను అడిగిన పాపమున పోలేదు. నాడు అడుగని ఆ ప్రశ్నయే అరువదియేండ్ల తరువాత నన్ను ఈ మైకు ముందు కూర్చుండబెట్టినది.

ఆ మిత్రుని కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. మా కరీంనగరము ప్రాంతపు ఇండ్లలో ఒక బిడ్డ దుబాయిలోనో మస్కటులోనో, మరియొక బిడ్డ డల్లాసులోనో ఉండుట ఇప్పుడు వింత కాదు. నేను నా కూతురిని చూడబోయినప్పుడు అతడు నన్ను భోజనమునకు పిలిచి, విస్తరి యెత్తిన పిదప ఒక చెక్కపెట్టెను తెచ్చి నా యెదుట పెట్టి, "పెద్దబాపూ, మా బాపుకు పాత తుపాకుల ముచ్చటంటె పానం గద. ఇది నీ ఎంబడి తీస్కపోయి ఇస్తవా?" అని యడిగెను. పెట్టె తెరచి చూతును గదా, లోపల ఎర్రని మఖమలుపై ఒక రివాల్వరు పవ్వళించి యున్నది. అతని ప్రశ్నకు అక్కడ నేను సరిగా సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రసంగమే దానికి సమాధానము.

అది పాతది కాదు, పాతదానికి నకలు. శామ్యూల్ కోల్టు అను అమెరికా దేశస్థుడు తిరుగుడు చక్రము గల చేతితుపాకికి 1836లో తన దేశమున పేటెంటు పొందెను. అతని కర్మాగారమునుండి 1851లో వెలువడిన 'నేవీ' అను నమూనాను చూచి, దానికి అచ్చుగుద్దినట్లు ఇటలీ దేశపు పనివారు మన కాలములో చేసిన ప్రతిరూపమది. ఎనిమిది పలకలుగా చెక్కిన ఏడున్నర అంగుళముల గొట్టము, మీటను కాపాడు ఇత్తడి కడియము, అక్రోటు కర్రతో చేసిన పిడి, నడుమ ఆరు గదుల ఉక్కుచక్రము. చేతిలోనికి తీసికొనగానే కిలోకు మించిన బరువు మణికట్టును క్రిందికి లాగును. ఆ చక్రమును కిటికీ వెలుతురునకు త్రిప్పి చూచినచో దానిచుట్టు సన్నని గీతలతో తెరచాప ఓడలు కనిపించును. 1843 మే 16వ తేదీన టెక్సాసు నౌకాదళము మెక్సికో ఓడలతో పోరిన దృశ్యమును కోల్టు తన తుపాకిపై చెక్కించుకొన్నాడట. నూరేండ్లు గడచిన తరువాత, ఆ యుద్ధముతో గాని ఆ సముద్రముతో గాని ఏ సంబంధమును లేని ఇటలీ పనివాడొకడు ఆ ఓడల తెరచాపలను ఒక్కొక్కటిగా మరల ఎక్కించినాడు. గొట్టముపై మాత్రము పాత పేరును దొంగిలింపలేదు. తన సంస్థ పేరు, పాతకాలపు మందు మాత్రమే వాడవలెనను హెచ్చరిక, ఆ దేశపు పరీక్షశాల ముద్ర, చేసిన సంవత్సరమును తెలుపు సంకేతాక్షరములు స్పష్టముగా గుద్దియున్నవి. నాకు ఆ తుపాకిపై గౌరవము కలిగినది ఆ ముద్రలను చూచినప్పుడే. నకలు తాను నకలునని చెప్పుకొన్నప్పుడు అందులో మోసము లేదు, గురుదక్షిణ ఉన్నది.

మరునాడు ఆ పిల్లవాడు నన్ను గురిచూచి కాల్చుటకు ఏర్పరచిన మైదానమునకు తీసికొనిపోయెను. అక్కడ అతడు దానిని నింపిన తీరును కొంచెము వివరముగా చెప్పెదను. ఏలననగా ఆ నింపుటలోనే దాని తత్త్వమంతయు ఉన్నది. మన ప్రాంతమువారు 'ఘోడా' అని పిలుచు కొట్టుముక్కను మొదట సగమువరకు వెనుకకు లాగినచో చక్రము స్వేచ్ఛగా తిరుగును. కొలతగొట్టముతో ఒక్కొక్క గదిలో మందు పోసి, దానిపై సీసపు గుండు నుంచి, తుపాకి గొట్టము క్రింద అమర్చిన మీటను దించి అదుమవలెను. గదికంటె వెంట్రుకవాసి పెద్దదైన ఆ గుండు లోనికి దిగుచు తన అంచునుండి సన్నని సీసపు ఉంగరము నొకదానిని ఒలిచి బయట వదలును. ఆ ఉంగరము ఎక్కడను తెగక నిండుగా వచ్చినచో గుండు గదికి బిగిసినదని గుర్తు. ఒక గదిలోని నిప్పు ప్రక్కగదికి ప్రాకకుండ గుండ్లపై కొవ్వు పూసి, చివరకు చక్రము వెనుకనున్న మొనలకు చిన్న చిన్న రాగి టోపీలను తొడుగుదురు. తెలిసినవారు ఆరు గదులలో ఐదింటినే నింపి, ఆరవదానిని ఖాళీగా విడిచి ఘోడాను దానిపై వాల్చి యుంచుదురు. ఇంత చేసి ఐదు పర్యాయములు కాల్చుటకు అర నిమిషము పట్టదు; కాని ఆ అర నిమిషములోనే తెల్లని పొగ మబ్బువలె క్రమ్మి, గురిపలకను కప్పివేసి, మా ముక్కుపుటములలో దీపావళి మరునాటి ఉదయపు వీధిని నింపినది. ఇంటికి వచ్చిన పిదప అతడు దానిని విడదీసి, సబ్బు కలిపిన వేడినీటితో బిడ్డకు తలంటినట్లు కడిగి, తుడిచి, నూనె పూసెను. ఆ మందు కాలగా మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే ఉక్కును త్రుప్పు పట్టించునట.

ఇక్కడ ఆ మందును గురించి ఒక మాట. ఇంగ్లీషువారు దీనిని నల్లని పొడి యందురు. మనము ఆ మాటను అట్లే తెచ్చి 'నల్లమందు' అన్నచో వినువారు అభిని అనుకొందురు. మనవారు దీనిని తుపాకిమందు అనిరి, లేదా ఉత్త 'మందు' అనిరి. పెట్లుప్పు డెబ్బదియైదు పాళ్లు, బొగ్గు పదునైదు పాళ్లు, గంధకము పది పాళ్లు: ఇదియే ఐరోపావారు స్థిరపరచిన పాకము. ఈ మందుతోనే ప్రపంచము అయిదారు శతాబ్దములపాటు యుద్ధములు చేసినది, వేటలాడినది, కొండలను పగులగొట్టి దారులు వేసినది.

లోహపు తూటాలు విరివిగా వాడుకలోనికి వచ్చిన పిదప, అనగా 1870 తరువాత, ఇట్టి రివాల్వర్లు వెనుకబడి అటకలెక్కినవి. నూరేండ్లలోపల అవి అరుదైనవై, ధనవంతుల అలమారలకు మాత్రమే అందుబాటు వస్తువులైనవి. అమెరికా అంతర్యుద్ధమునకు నూరేండ్లు నిండవచ్చిన 1950ల చివర, వాల్ ఫర్గెట్ అను అమెరికా వర్తకుడు ఒక ఆలోచన చేసెను: అసలు దొరకనివారికి నిజాయితీగల నకలును చేయించి ఇచ్చిననేమి? అతడు చేయగల చేతులను వెదకుచు ఇటలీ దేశమున బ్రెషియా పట్టణమునకు ఎగువనున్న ట్రొంపియా లోయకు పోయెను. 1959లో ఆల్డో ఉబెర్టీ అను పనివాడు అక్కడి గార్దోనెలో స్థాపించిన కర్మాగారమునుండి 1851 నేవీ నమూనాకు ప్రతిరూపములు వెలువడినవి. ఆ తరువాత మరికొన్ని సంస్థలు ఆ త్రోవ పట్టినవి. 1968లో అమెరికా సమాఖ్య ప్రభుత్వము చేసిన తుపాకుల నియంత్రణ చట్టము 1898వ సంవత్సరమునాటికి తయారైన తుపాకులను, ఆధునికమైన తూటాలు పట్టని వాటి నకళ్లను పురావస్తువుల వరుసలో చేర్చుటచే, అక్కడి చాల రాష్ట్రములలో సామాన్యులు వీటిని సులభముగా కొని సేకరింపగలుగుచున్నారు. కొందరు సంవత్సరముల క్రమమున సేకరింతురు. కొందరు ఒకే నమూనాలోని భేదములను సేకరింతురు. మరికొందరు సగము చేసిన విడిభాగములను తెప్పించుకొని, ఆకురాయి పట్టి అరగదీసి, కర్రకు నూనె పట్టించి, తమ చేతులతో పూర్తిచేసికొందురు. ఈ మూడవ వర్గమువారిపై నాకు ప్రత్యేకమైన ప్రేమ కలదు. వారు వస్తువును కొనుటలేదు, పనిని కొనుచున్నారు.

ఆ లోయ సంగతి కొంచెము ఆలోచింపుడు. కొండలలో ఇనుపరాయి, వాగులలో నీటిబలము, వాలులలో బొగ్గుకు కట్టెలు గల ఆ లోయలో తుపాకిగొట్టములు చేయు విద్య అతి ప్రాచీనము. బెరెట్టా అను కుటుంబమువారు 1526లో వెనిస్ రాజ్యపు ఆయుధాగారమునకు 185 గొట్టములు చేసి యిచ్చిన పత్రము నేటికిని ఉన్నది. రాజ్యములు పోయినవి, యుద్ధరీతులు మారినవి. కాని తండ్రి సుత్తిని కొడుకు అందుకొనుట మానలేదు. అందుచేతనే నూరేండ్లక్రిందట మరుగుపడిన వస్తువును చూపి "ఇట్టిది చేయగలరా?" అని అడిగినప్పుడు, ఆ లోయ "చేయగల"మన్నది.

శ్రోతలారా, ఆ మాట విన్నప్పటినుండి నా మనస్సు టెక్సాసులో నిలువలేదు, ఇటలీలో నిలువలేదు. గోదావరికి ఇటునటునున్న మన పల్లెలపై వచ్చి వాలినది.

మన నేలకు ఈ విద్య పరాయిది కాదు. ఆయుధములు ఎవరి చేతులమీదుగా మనవద్దకు వచ్చినవో మన మాటలే చెప్పును. తుపాకి తురుష్కుల భాషనుండి, బందూకు అరబ్బీనుండి, రివాల్వరు ఇంగ్లీషునుండి వచ్చినవి. ఫిరంగి యను మాటయైతే ఐరోపావారిని పిలుచు పేరే. తెచ్చినవాని పేరు తెచ్చిన వస్తువునకు స్థిరపడినది. 1752లో నిజాము సలాబత్ జంగు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఔరంగాబాదునుండి గోలకొండకు వచ్చునప్పుడు వారిని త్రోవలో అడ్డగించి పోరి మడిసినవాడు నిర్మల రాజు. పిదప నిజాము సేనాని జఫరుద్దౌలా కాలమున నిర్మల చుట్టును, ఎల్గందలలోను కోటలు బలపడినవి. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమాండు 1786లో నెలకొల్పినట్లు చెప్పు ఫిరంగుల పోతశాల శిథిలమైనను, ఆ పేట నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది. కోల్టు తన రివాల్వరును 1851 నాటి లండను మహాప్రదర్శనలో చూపి, రెండేండ్లకు ఆ నగరముననే కర్మాగారము తెరచి ఇంగ్లీషు అధికారులకు అమ్మసాగెను. 1857 తిరుగుబాటులో వారి నడుములకు వ్రేలాడినవి అవియును, వారి దేశస్థుడు ఆడమ్స్ చేసిన రివాల్వర్లును. ఆ తిరుగుబాటు వెనువెంటనే మన అడవులలో రొహిల్లాలతో కలిసి లేచిన రాంజీ గోండు నిర్మలలో మర్రిచెట్టునకు ఉరితీయబడెను. ఆ చెట్టును ప్రజలు వెయ్యి ఉరుల మర్రి యనిరి. 1940లో జోడేఘాటున కుమురం భీము నిజాము పోలీసుల తుపాకులకు నేలకొరగెను. ఈ కథలను తలచుకొన్నప్పుడు ఆయుధసేకరణను గురించి తేలికగా మాటలాడుటకు నోరు రాదు. తుపాకి అందమును మెచ్చుకొనువాడు దాని యెదుట నిలిచినవానిని మరువరాదు.

అడవి పల్లెలలో ఉండినది రివాల్వరు కాదు, భర్మారు. నోటినుండి మందు నింపవలసిన ఒంటిగొట్టపు తుపాకి కనుక దానికి ఆ పేరు. మందు పోసి, గుడ్డపేలిక కూరి, 'గజము' అను ఇనుపకడ్డీతో దట్టించి, సీసపు రవ్వలు పోసి, మరల దట్టించి, వెనుక మొనకు టోపీ తొడిగి కాల్తురు. కొంచెము దృష్టి పెట్టినచో తెలియును: ఆ పిల్లవాడు టెక్సాసులో చేసిన పనియును, మంచెమీద కూర్చుండి జొన్నచేనినుండి అడవిపందులను అదలించుటకు మన రైతు చేసిన పనియును ఒక్కటే. రివాల్వరులోని భేదమంతయు ఒక గదికి మారుగా ఆరు గదులను చక్రమునకు అమర్చుట. అదే మందు, అదే సీసము, అదే రాగి టోపీ. ఆ భర్మారు ఘోడా విరిగినప్పుడు దానిని బాగుచేసి యిచ్చినవాడు ఊరి కమ్మరి. గొట్టము వంపును కంటితో చూచి సరిచేయు నేర్పు, కమానుకు ఎంత పదును పెట్టవలెనో రంగు చూచి గ్రహించు నేర్పు అతనికి ఏ పుస్తకమును చెప్పలేదు.

ఆ నేర్పునకు వెనుక ఒక మహావంశము కలదు. మెట్‌పల్లికి సమీపమున, నేటి నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రము అను గ్రామమున్నది. నిర్మలకు తూర్పున దిమ్మదుర్తి యను మరియొక గ్రామమున్నది. ఈ పరిసరములలో లభించిన ఇనుమునుండి కోనసముద్రపు కమ్మరులు చేసిన ఉక్కుముద్దలను పారశీక వర్తకులు కొనిపోయి, డమాస్కసు ఖడ్గములని లోకము కీర్తించిన వాలులకు వాడిరి. హెన్రీ వాయిసీ యను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, కోనసముద్రమునకు పోయి ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము అతని మరణానంతరము 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. మట్టిమూసలో ఇనుపముక్కల నుంచి, మూత మెత్తి, కొలిమిలో పేర్చి, తోలుతిత్తులతో ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక ఊదుదురు. చల్లారిన మూసను పగులగొట్టగా వచ్చిన ఉక్కుబిళ్లకు మరల మట్టి మెత్తి, గంటలకొలది కాల్చి చల్లార్చుదురు. ఒక్కసారితో తనియక మూడు నాలుగు పర్యాయములు అట్లే చేయుదురు. ఇస్పహాను నగరమునుండి వచ్చిన వర్తకుడొకడు ఆ కొలుముల చెంతనే బసచేసి తూకములను స్వయముగా చూచుకొనుచుండెనట. ఈ ఉక్కునకు నకలు చేయవలెనని తమ దేశమున యత్నించి విఫలులమైతిమని ఆ పారశీకులే చెప్పుకొనిరి. ఇంగ్లండులో, కమ్మరి కొడుకై పుట్టి విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడైన మైకేల్ ఫారడే సహితము హిందూదేశపు ఉక్కును 1819లో పరీక్షించి, దానివంటిది చేయవలెనని కొన్ని సంవత్సరములు శ్రమించెను.

లోకము మన ఉక్కునకు నకలు చేయగోరిన కాలము అది. ఇప్పుడో? సముద్రముమీద వచ్చిన చౌకయైన ఉక్కు ముందు కొలుములు నిలువలేకపోయినవి. అడవి కట్టుదిట్టమై బొగ్గు ప్రియమైనది. అడిగెడువాడు లేక కొడుకు వేరు పనికి పోయినాడు. ఆ గ్రామముల పొలిమేరలలో నేడు మిగిలినవి చిట్టెపు దిబ్బలును, మూసల పెంకులును. నా బల్లమీద అట్టి చిట్టెపు ముక్క యొకటి ఉన్నది. ఒక ప్రక్క గాజువలె నల్లగా మెరయుచు, మరియొక ప్రక్క తేనెతుట్టెవలె రంధ్రములతో, చూపునకు మించిన బరువుతో నుండును. దానిని చూచినప్పుడెల్ల నాకు ఒక్కటే తోచును: నకలు చేయగల చేయి ఉన్నంతవరకే అసలు బ్రతికియుండును. ప్రదర్శనశాలలో ఖడ్గము త్రుప్పు పట్టకుండ వేయియేండ్లు ఉండవచ్చును. కాని దానివంటిది మరియొకటి చేయగలవాడు పోయిననాడే అది చనిపోయినది. ట్రొంపియా లోయ తన విద్యను కాపాడుకొన్నది కనుక పరదేశపు తుపాకికి కూడ ప్రాణము పోయగలిగినది. మనము మన ఉక్కునకే పోయలేకపోతిమి.

ఇక ఆ పిల్లవాని ప్రశ్న. ఆ రివాల్వరును మన దేశమునకు తేవచ్చునా? తేరాదు. మన ఆయుధ చట్టము 1959 నాటిది. మందు బలముతో గాని, మరి యే ఇతర శక్తితో గాని గుండును వెడలగొట్టుటకు నిర్మింపబడిన ప్రతి సాధనమును దాని దృష్టిలో తుపాకియే. అసలా, నకలా అను భేదము దానిని కాపాడదు. లైసెన్సు లేనిదే దానిని దేశములోనికి తెచ్చుట నేరము, ఇంట నుంచుకొనుట నేరము. 2019 సవరణ తరువాత లైసెన్సు గలవాడైనను సాధారణముగా రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. అదే చట్టములోని 45వ సెక్షను మాత్రము ఒక చిన్న వాకిలి తెరచినది: పురాతనమైనదో, వాడుక తప్పిన తీరుదో, చెడిపోయినదో యైన ఆయుధము మరమ్మతు చేసినను తుపాకిగా పనికిరానిచో దానికి ఈ చట్టము వర్తింపదు. అయితే పనికివచ్చునా రాదా యని తీర్పు చెప్పవలసినది మనము కాదు, అధికారులు. కనుక మీ ఇంటి దూలముపై తాతలనాటి భర్మారు ఏదైన బయటపడినచో, దానిని నింపి చూడబోకుడు; త్రుప్పు తిన్న గొట్టము చేతిలోనే పగులును. దాచకుడు, అమ్మకుడు, పోలీసుఠాణాకు తెలిపి, ప్రదర్శనశాలవారికి చూపుడు. నూరేండ్లు దాటిన పురావస్తువులను సొంతముగా దేశము దాటించుటను 1972 నాటి పురావస్తు చట్టము నిషేధించినదని గూడ జ్ఞాపకముంచుకొనుడు. పాతబజారులలో ఆమ్లముతో త్రుప్పు పట్టించి 'నిజాము కాలము నాటిది' అని చూపు వస్తువులను నమ్మకుడు. వయస్సును నటించు నకలుకంటె, తన ముద్రను తాను మోయు నకలు వేయిరెట్లు మేలు.

ఈ చట్టము కఠినమని కొందరందురు. నాకు అట్లు తోచదు. విరాటనగరమునకు పోవుటకు ముందు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై కట్టి పోయిరి. ఊరిలోనికి పోవువాడు ఆయుధమును ఊరి వెలుపల దించుట మన ధర్మము. ఆ చెట్టునకే మనము ప్రతి దసరాకు మ్రొక్కుదుము. దాని ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టుదుము.

మరి, సేకరణాభిలాష గల మనవాడు ఏమి చేయవలెను? కాల్చునది సేకరింపలేనివాడు కాల్చనిదానిని సేకరింపవచ్చును. మూడవ సాలార్‌జంగు జీవితమంతయు కొని కూర్చిన వస్తువులు 1951 డిసెంబరు 16వ తేదీన హైదరాబాదులో ప్రదర్శనశాలగా ప్రజల కందినవి. అందు ఆయుధశాలయు నున్నది. అక్కడికి పోయి ఒక్కొక్క ఆయుధము ముందు నిలిచి బొమ్మ గీయుడు, కొలతలు వ్రాసికొనుడు. మీ ఊరి కమ్మరి చెంత కూర్చుండి కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారు, మూస, చిట్టెము అను మాటలను అతని నోటినుండి వినుడు, అతని చేతిపనిని చిత్రములుగా తీసి యుంచుడు. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారు, ఇంగ్లండు ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు కలిసి మన ఉత్తర తెలంగాణ పల్లెలను కాలినడకన గాలించి ఉక్కు చేసిన స్థలములను గుర్తించిరి. సముద్రము దాటి వచ్చినవారు ఏరి చూచిన చిట్టెమును మనము రోడ్లకు కంకరగా పోయకుండుటయే మొదటి సేకరణ. కరీంనగరపు వెండితీగ పని బ్రతికియున్నది, నిర్మల బొమ్మ బ్రతికియున్నది. కొన్న చేయి ఉన్నందున చేసిన చేయి నిలిచినది. కొనుట అను క్రియకు ఇంతకంటె గొప్ప ప్రయోజనము నేనెరుగను.

నేను ఆ రివాల్వరును తేలేదు. దాని కొలతలను తెచ్చితిని. ఆ పిల్లవాడు రెండు రాత్రులు మేలుకొని ప్రతి భాగమును కాగితముపై గీసి యిచ్చెను. నిర్మలలో ఒక పనివాడు పొణికికర్రతో దానిని చెక్కి, చింతగింజల జిగురుతో అతుకులు వేసి, చక్రము తిరుగునట్లు అమర్చెను. "రంగు వేయుమందురా?" అని అడుగగా వలదంటిని. ఎవరినైనను భయపెట్టునట్లు ఇనుపరంగు పూసిన బొమ్మ బొమ్మ కాదు. కర్ర కర్రగానే కనిపింపవలెను. చక్రముపై ఓడలను మాత్రము అతడు తనంత తానే సన్నని ఉలితో చెక్కినాడు. సముద్రమును ఎన్నడును చూడని ఆ చేతిలో తెరచాపలు గాలికి ఉబ్బినవి.

దసరానాడు దానిని నా మిత్రునకు ఇచ్చితిని. పొణికి గనుక పిట్టయంత తేలిక. అతనికి ఇప్పుడు చూపు మందగించినది, వ్రేళ్లతో తడవి, చక్రమును నెమ్మదిగా ఒకమారు చుట్టు త్రిప్పి, ఓడలమీద బొటనవ్రేలు నిలిపి, "గీ చెక్కిన చెయ్యి ఎవలదిరా?" అని యడిగెను. వెల అడుగలేదు, ఎంత దూరము కాల్చునని అడుగలేదు. ఫిరంగిమీద కూర్చుండిన ఇద్దరు బాలురు అడుగక విడిచిన ప్రశ్నను, వారిలో ఒకడు ఆనాడు అడిగినాడు.

నేను ఆ పనివాని పేరును, ఊరును, అతని తండ్రి పేరును చెప్పితిని. అతడు వాటిని కాగితముపై వ్రాయించి ఆ బొమ్మ పెట్టెలో ఉంచినాడు.